రాయి మనది, రెక్కలు మనవి - మాట ఎవరిది?

గుళ్ళో బలిపీఠం ఎట్లా ఉండాలనేది కూడా దళిత ఉద్యమానికి ఒక సమస్యేనా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. భూమి సమస్య ఉంది, కూలి రేట్ల సమస్య ఉంది, శ్మశానాల సమస్య ఉంది, హాస్టళ్ళ సమస్య ఉంది. ఇవన్నీ వదిలేసి రాతిబల్ల మీద సంపాదకీయమా అంటున్నారు. ఔను, రాతిబల్ల మీదే. ఎందుకంటే ఆ బల్ల కొనేది మన కూలి డబ్బుతో. దాని ముందు మోకరిల్లేది మనం. ఒకసారి పాతితే నూరేళ్ళు కదలదు. మన మనవళ్ళు, ముని మనవళ్ళు కూడా దాని ముందే నిలబడతారు. అలాంటిదాన్ని ఎవరో నలుగురు కూర్చుని తేలుస్తుంటే మనం తట్టలు మోసి ఇంటికి రావటమేనా?

గోదావరి డెల్టాలో ఇప్పుడు ఏ పేటకెళ్ళినా ఇదే వరస. పాత పెంకుటి గుళ్ళు, రేకుల షెడ్లు పోయి స్లాబు గుళ్ళు లేస్తున్నాయి. సంతోషమే. మన తాతలు తాటాకు పందిరి కింద జపం చెప్పుకున్నారు, మనం స్లాబు కింద చెప్పుకుంటున్నాం. కానీ ఈ స్లాబు పైకి లేపిన డబ్బు ఎవరిది? ఊడ్పుల్లో నడుం వంచిన ఆడకూలీది. రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా కాసే కుర్రాళ్ళది. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి కువైట్ వెళ్ళి అరబ్బుల ఇళ్ళల్లో పాచిపని చేస్తున్న కోనసీమ అక్కలది. గోడలు లేచేదాకా మనోళ్ళ పేర్లే వినపడతాయి. చివర్లో బలిపీఠం దగ్గరకొచ్చేసరికి పెద్దలు దిగుతారు. ఫోనులో మూడు బొమ్మలు చూపిస్తారు. "ఏది బాగుంది?" అంటారు. మనం నోరు తెరిచేలోపే "ఇది ఖాయం చేశాం" అంటారు.

అసలు ఈ స్థిర బలిపీఠం అంటే ఏమిటో, దానికి కతోలిక శ్రీసభ పెట్టుకున్న నియమాలేమిటో ముందు తెలుసుకుందాం. తెలియని వాడినే మోసం చేస్తారు. 1960ల దాకా బలిపీఠం వెనక గోడకు ఆనుకుని ఉండేది. గురువు మనకు వీపు చూపించి లతీనులో పూజ చెప్పేవాడు. 1962 నుంచి 1965 దాకా జరిగిన ద్వితీయ వాటికన్ మహాసభ తర్వాత బలిపీఠం గోడ నుంచి ఇవతలికి వచ్చింది. చుట్టూ తిరగటానికి వీలుగా ఉండాలనీ, జనం వైపు తిరిగి పూజ చేయగలగాలనీ 1964లో ఉత్తర్వు వచ్చింది. భాష కూడా లతీను నుంచి తెలుగైంది. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం స్థిర బలిపీఠం నేలకు బిగించి ఉండాలి. పైపలక ఒకే సహజమైన రాయి కావాలి. పీఠాధిపతుల సమాఖ్య ఒప్పుకుంటే గట్టిదీ గౌరవమైనదీ అయిన వేరే సరుకు కూడా వాడొచ్చు. కింది కాళ్ళు దేనితోనైనా కట్టొచ్చు. కొత్త గుళ్ళో బలిపీఠం ఒక్కటే ఉండటం మేలు. బిషప్ గారు వచ్చి నడిమధ్యనా నాలుగు మూలలా పరిశుద్ధ తైలం పోసి, పలకంతా రుద్ది, దాని మీద సాంబ్రాణి వేసి ప్రతిష్ఠ చేస్తారు. చలువరాయే కావాలని గానీ, బంగారు రేకు ఉండాలని గానీ, దాత పేరు చెక్కాలని గానీ ఆ నియమాల్లో ఎక్కడా లేదు. ఎవరైనా "రూలు అట్లా ఉంది" అంటే ఏ రూలో చూపించమని అడగండి.

రూపం సంగతి తర్వాత. ముందు అది దేనికి? మన ప్రొటెస్టెంటు అన్నదమ్ములు ప్రభువు బల్ల అంటారు, కతోలికులు బలిపీఠం అంటారు. అది బలి అర్పించే చోటూ, అందరూ పంచుకు తినే బల్లా రెండూ అనే కతోలిక శ్రీసభ చెప్తుంది. ఈ తినే బల్ల అనే మాటను గట్టిగా పట్టుకోండి. కులం అంటే ఏమిటి? ఎవడు ఎవడితో కూర్చుని తినకూడదో చెప్పేదే కులం. టీ కొట్లో వేరే గ్లాసు, పెళ్ళిలో వేరే పంక్తి, చేలో దోసిట్లో పోసే నీళ్ళు - ఇదే కదా వేల ఏళ్ళుగా మనం చూసింది. 1927లో అంబేడ్కర్ మహద్ చెరువు నీళ్ళు తాగటం యుద్ధమెందుకైంది? మంచినీళ్ళ కోసం కాదు, మనుషుల లెక్కలో కలవటం కోసం. అట్లాంటి దేశంలో అందరూ ఒక బల్ల దగ్గరకు వచ్చి ఒక రొట్టె తినటం అంటే మాటలు కాదు. మన తాతలు క్రీస్తును నమ్మింది మేడలు చూసి కాదు, ఆ బల్ల చూసి.

ఆ బల్ల దగ్గర కూడా ఎక్కువ తక్కువలు వస్తాయని తొలినాటి సంఘానికే తెలుసు. కొరింతు పట్టణంలో ఉన్నోళ్ళు ముందొచ్చి కడుపునిండా తిని తాగుతుంటే, పని చేసి ఆలస్యంగా వచ్చిన లేనోళ్ళు ఆకలితో మిగిలిపోతున్నారని పౌలు వాళ్ళను కడిగిపారేశాడు. మీరు తినేది ప్రభువు భోజనం కానే కాదన్నాడు. రాయి మంచిదా కాదా అని ఆయన అడగలేదు. ఎవడు తిన్నాడు, ఎవడు పస్తున్నాడు అని అడిగాడు.

మన పక్క రాష్ట్రంలో కులం బలిపీఠం దాకా ఎట్లా వచ్చిందో వినండి. తమిళనాడు తిరునల్వేలి జిల్లాలో వడక్కన్‌కుళం అనే ఊరు ఉంది. అక్కడ 1872లో కట్టిన కతోలిక గుడి పంట్లాము ఆకారంలో ఉండేది. రెండు కాళ్ళలాగా రెండు హాళ్ళు. ఒక దాంట్లో వెళ్ళాళ్ళు, ఇంకో దాంట్లో నాడార్లు. మధ్యలో గోడ. రెండు హాళ్ళూ కలిసే చోట బలిపీఠం. రెండు కులాలకూ దేవుడు కనపడతాడు, ఒకళ్ళకొకళ్ళు మాత్రం కనపడరు! ఇంజనీరింగు అంటే అదీ. 1910లో ఆ గోడ పడగొట్టారు. పై కులమోళ్ళు కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టు కూడా వాళ్ళ మాట ఒప్పుకోలేదు. గుడి నమూనా గీసిన కాగితం మీదే కులం గీసి ఉండొచ్చని వడక్కన్‌కుళం మనకు చెప్తోంది. అందుకే నమూనా కాగితం మన చేతికి రావాలి అంటున్నాం.

మన డెల్టా గుళ్ళల్లో అట్లాంటి గోడ లేదు, ఆర్‌సీఎం గుళ్ళల్లో ఎక్కువమంది మనోళ్ళే అని అనొచ్చు. గోడ లేదు నిజమే. గోడ పని చేసే వేరేవి ఉన్నాయి. ముందు వరస కుర్చీలెవరికి? పఠనం చదివేదెవరు? లెక్కల పుస్తకం ఎవరి బీరువాలో ఉంటుంది? పండగనాడు ఫాదరు గారు ఎవరింట్లో భోంచేస్తారు? 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల మీద ఒక విధాన పత్రం వెలువరించింది. దేశంలోని కోటీ 90 లక్షల కతోలికుల్లో కోటీ 20 లక్షల మంది దళితులేననీ, నాయకత్వంలో మాత్రం వాళ్ళ పాలు బహు తక్కువనీ వాళ్ళే ఒప్పుకున్నారు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి ఆ పదవికి వెళ్ళిన మొదటి మనిషి ఆయన, మన తెలుగువాడు. గర్వపడదాం. కానీ రోములో కుర్చీ వచ్చినంత మాత్రాన మన పేటలో కమిటీ కుర్చీ దానంతటదే రాదు. అది మనం అడిగి తీసుకోవాల్సిందే.

ఇక ఆ మూడు బొమ్మల సంగతి చూద్దాం. మొదటిది మెరిసే తెల్ల చలువరాయి. రాజస్థాన్ నుంచి లారీలో వస్తుంది. అద్దంలా ఉంటుంది, పట్నంలో పెద్ద హోటలు వరండాలాగా. చెడ్డది అని మేం అనం. కానీ చూసినవాళ్ళకి "ఎంతయింది?" అనే ప్రశ్న ముందు రావటం మంచి బలిపీఠం లక్షణం కాదు.

రెండోది ముందు పలక మీద కడరా భోజనం చెక్కినది. మిలాను నగరంలో లియొనార్డో డావించి గోడ మీద వేసిన బొమ్మకు నకలుకు నకలు. యేసూ శిష్యులూ అందరూ తెల్లదొరలు. అందరూ బల్లకు ఒకే పక్కన కూర్చుని ఉంటారు. గలిలయ జాలర్లు ఎండకు కాగినోళ్ళు. మన కాకినాడ, అంతర్వేది పల్లెకారుల్లాంటి వాళ్ళు. వాళ్ళను ఇటలీ పెద్దమనుషులుగా మార్చి మన ముందు పెడితే, ఆ బల్ల దగ్గర మనకి చోటుందని మన పిల్లకాయకి ఎట్లా అనిపిస్తుంది?

మూడోది "భారతీయ పద్ధతి" అని చెప్పేది. కింద పద్మం, పక్కన కలశం, చుట్టూ లతలు, పైన ఓంకారం లాంటిది. దీనికొక చరిత్ర ఉంది. 1969లో భారతదేశంలో పూజావిధానానికి పన్నెండు మార్పులను రోము ఆమోదించింది. నేల మీద కూర్చోవటం, చెప్పులు విడవటం, కొవ్వొత్తికి బదులు నూనెదీపం, హారతి, అంగవస్త్రం వగైరా. విదేశీ వాసన పోవాలన్న కోరిక మంచిదే. నేల మీద కూర్చోవటం, చెప్పులు బయట విడవటం మనకెవరూ నేర్పక్కర్లేదు కూడా. కానీ అడగాల్సిన మాట ఒకటుంది. భారతీయత అంటే ఎవరి భారతీయత? ఏ గుడి మెట్ల దగ్గర మన తాతల్ని తరిమారో ఆ గుడి అలంకారాలే మళ్ళీ మన బలిపీఠం ఎక్కాలా? జాషువా 1941లో గబ్బిలం రాశాడు. అందులో అంటరానివాడు కాశీలో శివుడికి తన గోడు చెప్పుకోవటానికి గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలానికి గుళ్ళోకి దారుంది, మనిషికి లేదు. ఆ గుడి వదిలి వచ్చినవాళ్ళం మనం. ఇప్పుడు మన గుళ్ళో మన బలిపీఠం దగ్గరికి మన మాట చేరటానికి కూడా ఒక గబ్బిలం కావాలా?

దేశీ రూపమే వద్దని కాదు మా మాట. దోర్నకల్ వెళ్ళి చూడండి. అక్కడ ఆంగ్లికన్ సంఘం కట్టిన పెద్ద గుడి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. కట్టించింది వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. మండపం స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ, శిలువా కలిపి కట్టారు. ఆయన సంఘంలో నూటికి తొంభై మంది కాకపోయినా చాలా ఎక్కువమంది మాలలూ మాదిగలే. వాళ్ళకి దొర గుడి నకలు ఇవ్వకుండా వాళ్ళ నేల మీది గుడి ఇవ్వాలనుకున్నాడు. అది ఆలోచన. కాపీ కొట్టటం వేరు, ఆలోచించటం వేరు.

అయితే మన గుర్తులేమిటి? కొందరు కుర్రాళ్ళు "బలిపీఠం మీద డప్పు చెక్కిద్దాం" అంటున్నారు. తమిళనాడులో, మన దగ్గరా దళిత క్రైస్తవ మేధావులు డప్పును మన ఆత్మగౌరవ గుర్తుగా నిలబెట్టారు. మంచి మాటే. కానీ పేటలో ముసలోళ్ళను అడగండి. కొందరు కళ్ళెర్ర జేస్తారు. "ఆ డప్పు మేం ఇష్టపడి కొట్టామట్రా? చావుకీ జాతరకీ వెట్టిగా కొట్టించారు. దాన్ని వదిలించుకోటానికే దేవుణ్ణి నమ్ముకున్నాం" అంటారు. వాళ్ళ మాటలోనూ నిజముంది. రెండు నిజాలూ ఒకే చోట కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఒకే విచారణలో మాలపేట, మాదిగపేట ఉంటాయి. పెద్దపేటోళ్ళు చిన్నపేటోళ్ళను అడక్కుండా నమూనా ఖాయం చేస్తే, పై కులాలోళ్ళు మనకు చేసిందే మనం మనోళ్ళకు చేసినట్టు. డప్పు బొమ్మ రాతి మీద ఎక్కి, డప్పు కొట్టినవాడు కమిటీలో ఎక్కకపోతే అది అలంకారమే గానీ న్యాయం కాదు.

మరి ఎట్లాంటిది కావాలి? పాత నిబంధన తీసి నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయం చివర చదవండి. దేవుడు మోషేకి చెప్పిన మొదటి బలిపీఠం మట్టితో చేసేది. రాళ్ళతో కడితే చెక్కని రాళ్ళతో కట్టమన్నాడు. మెట్లు వద్దన్నాడు. మెట్లు వద్దనటానికి కారణం వేరే అక్కడే రాసుంది. కానీ బానిసత్వంలోంచి అప్పుడే బయటపడ్డ జనానికి, ఇటుకలు చేసి చేసి చేతులు కాయలు కాసిన జనానికి, మట్టి చాలు అన్న దేవుడు ఆయన. ఆ మాట మనకంటే బాగా ఇంకెవరికి అర్థమవుతుంది? మన డెల్టా అంతా ఒండ్రుమట్టే. ఇక్కడ రాయి పుట్టదు. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ఆనకట్ట కట్టినప్పుడు ధవళేశ్వరం గుట్టల్లో రాయి కొట్టించాడు. దొర పేరు ప్రతి లాకు దగ్గరా విగ్రహమై ఉంది. రాయి కొట్టినోడి పేరు, మట్టి మోసినోడి పేరు ఎక్కడా లేదు. ఆళ్ళగడ్డలో, పల్నాడు దుర్గిలో తరాల నుంచి రాయి చెక్కేవాళ్ళున్నారు. రాయి కొట్టే వడ్డెరలున్నారు. చీమకుర్తి గ్రానైటు లోకమంతా పోతోంది. మన రాష్ట్రం రాయి, మన రాష్ట్రం ఉలి ఉండగా బొమ్మల పుస్తకం చూసి తెప్పించుకోవటమెందుకు? సాదా పలక, గట్టి కాళ్ళు, దాని మీద మన చేలో పండే వరికంకో, మన ఇంట్లో ఉండే కుండో, అందరి చేతులూ ఒక ఆకు చుట్టూ చేరిన బొమ్మో. అది ఏది కావాలో పేట తేల్చాలి.

పేర్ల సంగతి ఒకటుంది. బలిపీఠం కింద దాత పేరు చెక్కించాలని పెద్దలకు ఆశ. వద్దు. ఒకడికి గొప్ప, ఇంకొకడికి గండం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి ఎస్సీ కాదంటోంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు, మనకు తెరవలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను బీసీ-సిలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ చేతిలో పెట్టారు. 2023లో శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది, తీర్మానం తీర్మానంగానే ఉంది. అంటరానితనం మాత్రం బాప్తిస్మం అడిగి రాదు, అడిగి పోదు. ఈ అన్యాయం తొలగాలని కొట్లాడుతూనే, గుళ్ళో రాయి మీద మాత్రం ఒక్కడి పేరూ వద్దని చెప్దాం. పదివేలిచ్చినోడూ పదిరూపాయలిచ్చిన ముసలమ్మా ఆ రాయి ముందు ఒకటే కావాలి. కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి సంగతి చెప్పిన ప్రభువు బలిపీఠం అది.

గుర్తుల కోసం గొడవెందుకు అనేవాళ్ళకు రెండు ఊళ్ళ పేర్లు చెప్తాం. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో మిగతా నాయకుల విగ్రహాల సరసన అంబేడ్కర్ విగ్రహం పెట్టాలన్నందుకు దళితులను సాంఘికంగా బహిష్కరించారు. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడుతున్నారని అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఒక విగ్రహం ఎక్కడ నిలబడాలి, ఒక బోర్డు మీద ఏ పేరుండాలి అనేది పెత్తందార్లకు అంత ముఖ్యమైనప్పుడు మనకెందుకు ముఖ్యం కాదు?

ఇంకో సంగతి. తొలినాళ్ళలో క్రైస్తవులు హతసాక్షుల సమాధుల మీద పూజ చేసుకునేవారు. అందుకే ఇప్పటికీ స్థిర బలిపీఠం కింద పునీతుల అవశేషాలు పెట్టే ఆచారముంది. ఈ సంగతి మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపిన మనోళ్ళను దళితవాడ నడుమనే పాతిపెట్టి రక్తక్షేత్రం అన్నాం. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టు వదిలినా ఆ నేల వదల్లేదు. 1985లో కారంచేడు నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకు చీరాల చర్చి ఆవరణే శిబిరమైంది. గుడి అంటే అదీ. 1980 మార్చి 24న ఎల్‌సాల్వడార్‌లో ఆస్కార్ రొమేరో అనే అగ్రపీఠాధిపతిని పూజ చేస్తుండగా బలిపీఠం దగ్గరే కాల్చి చంపారు. బీదల పక్షం మాట్లాడినందుకు. 2018లో ఆయన్ను పునీతుణ్ణి చేశారు. బలిపీఠం అనే మాటకు అర్థం మెరుపు కాదు.

అందుకే గుడి కడుతున్న ప్రతి విచారణలో మనోళ్ళు ఈ కిందివి అడగాలి:

ఒకటి. నమూనా ఖాయం చేసే ముందు ప్రతి పేటలో సాయంత్రం పని దిగాక సభ పెట్టాలి. ఆడవాళ్ళు, కూలోళ్ళు, చదువుకునే పిల్లలు మాట్లాడాలి. అన్ని నమూనాలూ, ధరలతో సహా, గుడి గోడకు అంటించాలి.

రెండు. శ్రీసభ చట్టం ప్రకారం ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండి తీరాలి. అందులో మన పేటల నుంచి మనుషులుండాలి. వసూలెంత, ఖర్చెంత అనేది పూజ తర్వాత చదివి వినిపించాలి.

మూడు. బలిపీఠం ముందు కటకటాలు వద్దు. ఒకటి రెండు మెట్లు చాలు. వెనక కూర్చున్న ముసలమ్మకు కనపడాలి, అంతకు మించి ఎత్తెందుకు? నడవలేనివాళ్ళకు వాలుదారి పెట్టాలి.

నాలుగు. దాతల పేర్లు రాతి మీద వద్దు. చెక్కిన శిల్పికీ, కట్టిన తాపీమేస్త్రీకీ, తట్ట మోసిన కూలికీ బాకీ లేకుండా కూలి ఇచ్చాకే ప్రతిష్ఠ. ప్రతిష్ఠనాడు వాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టాలి. రాయి లోపల, రాయి కొట్టినోడు బయట అనేది పాత గుళ్ళ ధర్మం, మనది కాదు.

ఐదు. పాత బలిపీఠాన్ని రాళ్ళకుప్పలో పారేయొద్దు. అది మన తాతలు పస్తులుండి కట్టుకున్నది. కొత్త గుళ్ళో దానికొక గౌరవమైన చోటు చూపించాలి.

ఆరు. ప్రతిష్ఠనాటి భోజనం ఒకే పంక్తి. పెద్దలకు లోపల బల్లలు, మనకు బయట ఆకులు అంటే ఆ భోజనం మనకు వద్దు.

ఫాదర్లందరూ మనకు శత్రువులని మేం అనటం లేదు. మన పిల్లలకు అక్షరాలు నేర్పినవాళ్ళున్నారు, పోలీసు స్టేషన్ల దాకా మన వెంట నడిచినవాళ్ళున్నారు. వాళ్ళతో గౌరవంగా మాట్లాడండి, కానీ తలొంచి మాట్లాడొద్దు. సంఘ కార్యకర్తలు ఈ పత్రికను పేటలో చదివి వినిపించండి. కతోలికులు కాని అన్నదమ్ములు కూడా వినాలి. రేపు మీ చర్చిలో వేదిక కట్టేటప్పుడూ, ఊళ్ళో అంబేడ్కర్ బొమ్మకు దిమ్మె కట్టేటప్పుడూ ఇవే ప్రశ్నలు వస్తాయి. డబ్బెవరిది, చెమటెవరిది, మాటెవరిది?

రాయి ఒకసారి పాతాక మాట్లాడి లాభం లేదు. పాతకముందే మాట్లాడదాం.

జై భీమ్!